నాయన దాటిన పొద్దు

నన్ను మొదటిసారి చూసేవాళ్లు ముందు మొహం చూస్తారు, తర్వాత కాళ్లకేసి చూస్తారు, ఆ తర్వాత మర్యాదకి వానల గురించి మాట్లాడతారు. మా గుమ్మఘట్ట పక్క వానల గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి ఆ మాటలు తొందరగా అయిపోతాయి. అప్పుడు అడుగుతారు, "ఏ క్లాసు పాపా?" అని. డిగ్రీ అని చెప్తే నమ్మరు. నాకు కోపమొస్తుంది. అరికాలి మంట నెత్తికెక్కడానికి దీనికి ఎంతోసేపు పట్టదని మా నాయన నవ్వుతాడు. ఆయన ఒక్కడికే ఆ హక్కు ఇచ్చాను.

నేనిట్లా ఎందుకున్నానో మా ఇంట్లో చాలా ఏళ్లు రెండు కారణాలు చెప్పుకున్నారు. రెండూ తప్పే. తప్పని తేలేలోపల నా ఎదిగే వయసులో సగం పోయింది.

అది తొంభై ఏడో సంవత్సరం. నాకు ఐదేళ్లు. మా నాయన తిప్పేస్వామికి అంతకుముందు గొర్రెలుండేవి. మేత లేక ఒక్కొక్కటే అమ్ముకున్నాడు. రాయదుర్గంలో ప్యాంట్లు కుట్టేచోట కొన్నాళ్లు బట్ట కత్తిరించడం నేర్చుకున్నాడు. ఆ పని చూసి తెలిసినాయన ఒకడు బెంగుళూరు గార్మెంట్సుకి రమ్మన్నాడు. తెల్లారి మొదటి బస్సుకి పోవాలని అమ్మతో చెప్తుంటే విన్నాను.

నాయన పోకుండా ఉండాలంటే దారికి అడ్డం పడుకోవాలి. ఐదేళ్ల బుర్రకి అంతకన్నా గొప్ప ఉపాయం తట్టలేదు. బొంత తీసుకుపోయి వాకిట్లో, గడపకి లోపలి పక్కన, అడ్డంగా పడుకున్నాను. తల ఒక ద్వారబంధానికి, పాదాలు ఇంకో ద్వారబంధానికి తగిలాయి. నా కోసమే ఆ వాకిలి పెట్టినట్టు సరిపోయాను.

నాయన లేచి ముఖం కడుక్కుని సంచి తీసుకుని వచ్చేసరికి నాకు మెలకువ వచ్చేసింది. కళ్లు మాత్రం తెరవలేదు. నన్ను లేపుతాడు, లేపితే మెడ పట్టుకుని వేలాడతాను, ఇంక వదలను. అదీ నా లెక్క. ఆయన నా దగ్గర ఆగాడు. తలకి రాసుకున్న కొబ్బరినూనె వాసన వచ్చింది. చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత నా మీదుగా గాలి కదిలింది. ఒక పాదం గడప అవతల పడింది, రెండోది కూడా పడింది. నేను కళ్లు తెరిచేసరికి వాకిలి ఖాళీగా ఉంది. గట్టిగా ఏడిచాను.

పడుకున్న బిడ్డను దాటితే ఆ బిడ్డ ఎదగదని మా పక్క చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. పొరపాటున దాటితే ఏం కాదు, వచ్చిన దారినే మళ్లీ వెనక్కి దాటేస్తే చాలు, దోషం పోతుంది. కానీ ప్రయాణం మీద గడప దాటిన మనిషి వెనక్కి రాకూడదు. బస్సు కూడా అప్పటికే హారను కొడుతోంది. మా నాయనకి ఇవేవీ గుర్తులేవు. బిడ్డ నిద్ర చెడగొట్టకూడదనుకున్నాడు, అంతే.

ఆ తర్వాత నేను ఎదగడం మానేశాను.

ఒక్కరోజులో మానలేదు. ఎవరికీ తెలియకుండా మానాను. బడిలో ప్రార్థనకి పొట్టివాళ్లు ముందు నిలబడాలి. ఒకటో తరగతిలో ముందు వరసలో ఉన్నాను, అందరితోపాటు. రెండులో ఉన్నాను, మూడులో ఉన్నాను. నా వెనకున్నవాళ్లు మారిపోతున్నారు, నేను మాత్రం పంతులు చొక్కా గుండీలకి ఎదురుగానే ఉన్నాను. ఎండాకాలంలో కూడా నాకు చలేసేది. మధ్యాహ్నమైతే ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్ర. పరుగు పందెంలో నన్ను ఎవరూ పిలిచేవాళ్లు కాదు. చర్మం గరుకుగా అయింది. పాలపళ్లు ఊడలేదు.

అయినా నాకు జబ్బని ఎవరికీ అనిపించలేదు. ఎందుకంటే నేను బొద్దుగా ఉండేదాన్ని. కరువులో పిల్లలందరూ పక్కటెముకలు కనబడేలా ఉంటే, మా ఇంటి పిల్ల బుగ్గలతో ఉంది. ఇంకేం కావాలి? వీధిలో ఆడవాళ్లు మా అమ్మ సుంకమ్మను చూసి ఏం పెడుతున్నావని అడిగేవాళ్లు. రెండుపూటలా అదే సంగటి, అదే చింతాకు పులుసు. అమ్మకి కొంచెం గర్వంగా కూడా ఉండేదని నా అనుమానం.

ముందు కనిపెట్టింది మా అవ్వ తిమ్మక్క, నాయనకి అమ్మ. నాకు ఏడేళ్లప్పుడు ఉగాదికి నాయన ఊరికొచ్చాడు. ఒళ్లు కడుక్కుని అన్నానికి కూర్చుంటే అవ్వ ఎదురుగా నిలబడింది.

"ఒరే తిప్పా, ఈ పిల్ల ఎదగలేదు చూసినావా? నువ్వు పోయేపొద్దు దీన్ని దాటినావు. నేను చూసినా. ఈ పొద్దు మళ్లీ పండుకోబెడతా. తిరిగి దాటు."

నాయన చేతిలో ముద్ద అట్లానే ఉండిపోయింది. "నేను దాటితే ఎదగదా? పిల్లకి మీరు సరిగ్గా తిండి పెట్టకపోతే ఎదగదు. నేను ఆడ ఇంటికీ పనికీ మధ్య చస్తాండా. ఈడికొస్తే నా మీదనే ఏస్తారా?"

"ఏం పెట్టలేదయ్యా?" అని అమ్మ లేచింది. "నా బిడ్డ బుగ్గలు చూడు. తిండి లేని బుగ్గలా అవి?"

"అయితే చూసినదానివి అప్పుడే పిలవచ్చు కదమ్మా, వెనక్కి దాటురా అని?" నాయన అవ్వను అడిగాడు.

 అవ్వ లోపలికి పోయి ఊరికే చేటలో బియ్యం చెరగడం మొదలుపెట్టింది.

నాయన దాటలేదు. పట్టు పట్టాడు. మా నాయన మెత్తని మనిషి, గొర్రెపిల్లని కూడా తిట్టడు. కానీ ఆ ఒక్క విషయంలో రాయి అయిపోయాడు. దాటితే నేను ఎదిగితే, నన్ను ఆపింది ఆయనేనని తేలిపోతుంది. అది మోయడం ఆయన వల్ల కాదు. ఇప్పుడు నాకు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం ఒక్క అడుగు వేయడానికి ఈయనకి ఏమొచ్చిందని చాలా ఏడిచాను.

అట్లా మూడేళ్లు గడిచాయి. అవ్వ, అమ్మ ఆయన మొండితనాన్ని తిట్టేవాళ్లు. ఆయన వాళ్ల వంటను తిట్టేవాడు. ఆయన వచ్చినప్పుడల్లా అదే రగడ. నన్ను డాక్టరుకి చూపించాలని ఒక్కరికీ తోచలేదు. కారణం తెలిసిపోయిందని ముగ్గురూ అనుకున్నారు కదా, ఇంక డాక్టరు ఎందుకు?

నాయన పనిచేసే ఫ్యాక్టరీలో ఆ రోజుల్లో కొరియా దేశానికి పిల్లల బట్టలు కుట్టేవాళ్లు. మూడేళ్ల పిల్ల నుంచి పన్నెండేళ్ల పిల్ల దాకా ఒకే రకం చొక్కా, ఒకే రకం ప్యాంటు, ఒక్కో వయసుకి ఒక్కో కొలత. నాయన బట్ట కత్తిరించే బల్ల దగ్గర ఉండేవాడు. కొలతలు గీసి వాడేసిన ప్యాటర్న్ కాగితాలు తెచ్చి నా పుస్తకాలకి అట్టలు వేసేవాడు. నా తెలుగు పుస్తకం మీద ఎవరో కొరియా పిల్ల చంక వంపు ఉండేది, లెక్కల పుస్తకం మీద ఎవరిదో మోకాలు.

ఆ పనిలో చేరిన కొత్తలో నాయన చేసిన తప్పొకటి ఇంట్లో చెప్పి నవ్వేవాడు. ఐదేళ్ల పిల్ల కొలతను అన్నిపక్కలా సమానంగా పెంచి పదేళ్ల పిల్లకి గీశాడట. కటింగ్ మాస్టరు, కన్నడాయన, ఆ కాగితం పట్టుకుని అందర్నీ పిలిచి చూపించాడు. "ఏమప్పా తిప్పేస్వామీ, పిల్లంటే బుడగనుకున్నావా, ఊదితే అంతా ఒకే తీరు పెరిగేదానికి?" అన్నాడట. మెడ కొంచెమే పెరుగుతుంది, తల ఇంకా తక్కువ. పెరిగేదంతా కాళ్లలోనే. చిన్నప్పుడు మొండెమే మనిషి, తర్వాత కాళ్లొచ్చి మనిషిని పైకి లేపుతాయి. కొరియావాళ్లు కొన్నేళ్లకొకసారి కొత్త కొలతలు పంపేవాళ్లట. ఆ దేశం కూడా ఒకప్పుడు తిండికి అల్లాడిందని, ఇప్పుడు తినే రోజులొచ్చి మనవళ్ల కాళ్లు తాతల కాళ్లకన్నా సాగాయని, అందుకే పాత ప్యాంట్లు సరిపోవడం లేదని మాస్టరు చెప్పాడట.

నేను ఆ కొరియా పిల్లను ఊహించుకునేదాన్ని. నా వయసుదే. మొహం తెలియదు, పేరు తెలియదు. ఏటా మా నాయన బల్ల మీద దాని కాళ్లు పొడుగయ్యేవి. దాని మీద నాకు కుళ్లు. నా సొంత నాయన నాకోసం కాకుండా దాని కాళ్లకోసం బట్ట కత్తిరిస్తున్నాడని.

నాకు పదేళ్లున్నప్పుడు నాయన ఒక సంచీనిండా బట్టలతో వచ్చాడు. ఒక ఆర్డరు అయిపోయాక మిగిలిన నమూనా చొక్కాలూ ప్యాంట్లూ పనివాళ్లకి పంచిపెట్టారట. మా వీధి పిల్లలందరూ వచ్చి మీద పడ్డారు. మా పక్కింటి రంగన్న కూతురు ఉమాదేవి నా ఈడుదే. మనిషి పుల్లలా ఉండేది. దానికి పదేళ్ల ప్యాంటు పొడుగు సరిపోయింది గానీ నడుము జారిపోయింది. నడుముకి సరిపోయేది తొడిగితే మడమల పైకి పోయింది. చివరికి పొడుగుదే వేసుకుని మొలతాడుతో బిగించుకుంది.

నాకు పదేళ్లది తొడిగారు. కాళ్లు నేల ఊడ్చాయి, చేతులు కనబడకుండా పోయాయి. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. ఎనిమిదేళ్లది తొడిగారు. అదీ అంతే. అమ్మ సంచీ అడుగు నుంచి ఐదేళ్ల పిల్ల జత ఒకటి తీసి, "ఇది చూద్దాం" అని తొడిగింది.

సరిపోయింది. మెడ దగ్గర సరిపోయింది, చంకలో సరిపోయింది, పాదం దగ్గర ప్యాంటు అంచు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఎక్కడా వదులు లేదు, ఎక్కడా బిగువు లేదు.

"అబ్బ, కొలతిచ్చి కుట్టించినట్టుండాదే!" అంది రంగన్న పెండ్లాం. వీధంతా మెచ్చుకుంది. నేను చేతులు చాపి గుండ్రంగా తిరిగాను. ఆ కొరియా పిల్ల బట్టలు చివరికి నాకు వచ్చాయని నా సంబరం. తిరిగి తిరిగి నాయన వైపు చూశాను. ఆయన గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ముఖంలో నెత్తురు లేదు.

అందరూ పోయాక నన్ను దగ్గరికి పిలిచాడు. నా చొక్కా భుజం దగ్గర పట్టుకున్నాడు, నడుం దగ్గర పట్టుకున్నాడు, మోకాలి దగ్గర పట్టుకున్నాడు.

"సుంకా," అన్నాడు అమ్మతో. "తిండి లేని పిల్లకి ఒక సైజు సరిపోదే. ఉమను చూసినావు కదా, కాళ్లు ఒక ఈడువి, నడుము ఒక ఈడుది. అది ఎండిపోయింది. కానీ కాళ్లు దాని ఈడుకి తగ్గట్టు సాగినాయి. మన పిల్లకి ఐదేళ్లది అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఇది పొట్టి కాదే. ఇది ఐదేళ్ల కాడ ఆగిపోయింది. లోపల ఏందో ఆగిపోయింది."

"నేను చెప్తాండేది అదే కదరా!" అవ్వ లేచింది. "నువ్వు దాటిన పొద్దే ఆగిపోయింది. ఇప్పుడన్నా దాటు."

"రేపు అనంతపురం తీసుకపోతా. డాక్టరుకి చూపిస్తా."

"ముందు దాటు. తర్వాత యాడికన్నా పో."

"నన్ను చంపినా దాటనమ్మా!" అని నాయన అరిచాడు. అరిచి, తల గోడకేసి కొట్టుకుని ఏడిచాడు. మా నాయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

అనంతపురంలో డాక్టరమ్మ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి మెడ తడిమింది, చేతికి ఫోటో తీయించింది, నెత్తురు తీయించింది. మర్నాడు అమ్మనీ నాయననీ కూర్చోబెట్టి చెప్పింది. గొంతులో ఒక గ్రంథి ఉంటుంది. పిల్లలు ఎదగడానికి కావాల్సింది అది ఇస్తుంది. నాకది పనిచేయడం మానేసింది. నా చేతి ఎముకలు ఇంకా ఐదారేళ్ల పిల్ల ఎముకలేనట.

"ఎప్పటినుంచి ఇట్లా ఉంది?" అని అడిగింది.

"వాళ్ల నాయన బెంగుళూరు పోయినప్పట్నుంచి," అంది అమ్మ.

"దాటితే ఇట్లయితుందా మేడం?" అని నాయన అడిగాడు. అంత చదువుకున్న ఆమె ముందు ఆ మాట అడగడానికి ఆయనకి ఎంత సిగ్గేసి ఉంటుందో. ఆమె నవ్వలేదు. ఎందుకు అడిగాడో తెలుసుకుని, "కాదయ్యా. నీవల్ల కాదు. తిండివల్ల కూడా కాదు. ఎవరివల్లా కాదు," అంది. కొంచెం ఆగి, "తొందరగా తెచ్చి ఉంటే బాగుండేది. పొద్దున్నే పరగడుపున ఈ మాత్ర వెయ్యండి, జీవితాంతం వెయ్యాలి. ఎదుగుతుంది. కానీ పోయిందంతా రాదు," అంది.

నీవల్ల కాదన్న మాటకి నాయన ఊపిరి వదలడం చూశాను. తొందరగా తెచ్చి ఉంటే అన్న మాటకి ఆ ఊపిరి మళ్లీ లోపలే ఆగిపోయింది. బస్సులో ఊరొచ్చేదాకా నన్ను ఒళ్లోనే కూర్చోబెట్టుకున్నాడు. పదేళ్ల పిల్లని. సరిపోయాను కదా మరి.

మాత్ర పనిచేసింది. ఒక నెలకే నిద్రమత్తు వదిలింది. ఆటల్లో పరిగెత్తాను. పాలపళ్లు ఊడాయి. ఆ ఏడు ఐదేళ్ల ప్యాంటు పిక్కల మీదికి పోయింది. నాయన ఊరికొచ్చినప్పుడల్లా మొదట నా ప్యాంటు అంచు చూసేవాడు, తర్వాతే నా ముఖం. అయితే ఎదిగే వయసు తొందరగా ముగిసిపోయింది. ఉమాదేవి భుజం దాకా వచ్చి ఆగాను.

పొద్దున్నే మాత్ర ఇచ్చే పని అవ్వ తనే పెట్టుకుంది. ఒక్కరోజు కూడా మరవలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి నేను మింగేదాకా ఎదురుగా నిలబడేది. కానీ నమ్మిందా అంటే సగమే. "మాత్ర కొంత ఎదిగిస్తుంది. ఆ డాక్టరమ్మే చెప్పింది కదా, అంతా రాదని. మిగిలింది మీ నాయన చేతిలో ఉండాది," అనేది. గ్రంథి గురించి నేను ఎన్నిసార్లో చెప్పాను. బొమ్మ గీసి చూపించాను. "ఊఁ" అని వినేది. మళ్లీ మొదటికే వచ్చేది. నాకు విసుగొచ్చేది, కసిరేదాన్ని.

రెండువేల తొమ్మిదిలో అవ్వ మంచం పట్టింది. నేను డిగ్రీ మొదటి ఏడు, సెలవులకి వచ్చి ఉన్నాను. ఒక సాయంత్రం గంజి తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"పాపా, ఆ పొద్దు నేను మేలుకోని ఉండా. వాడు నిన్ను దాటింది ఈ కళ్లతో చూసినా. 'తిప్పా, తిరిగి దాటు' అనేదానికి నోరు తెరిసినా. బయల్దేరినోణ్ణి వెనకనుంచి పిలిస్తే వానికి దారిలో ఏమన్నా అవుతుందని నోరు మూసుకున్నా." అవ్వ కళ్ల పక్కనుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. "నా బిడ్డను చూసుకున్నా పాపా. వాని బిడ్డను వదిలేసినా."

ఏళ్లనాడు నాయన అడిగిన ప్రశ్నకి అవ్వ ఎందుకు జవాబు చెప్పలేదో అప్పుడు తెలిసింది. పన్నెండేళ్లు ఈ ముసలిది నా కాళ్లకేసి చూస్తూ ఇది మోసింది. గ్రంథి, నెత్తురు పరీక్ష, ఎముకల ఫోటో అన్నీ నా నాలుక చివరికి వచ్చాయి. ఒక్కటీ చెప్పలేదు. అవ్వకి కావాల్సింది అవి కావు. నాకు అవ్వ మీద అంత ప్రేమ ఉందని నాకే ఆ పొద్దు తెలిసింది.

నాయన ఊరికొచ్చి ఉన్నాడు. పెరట్లో చేతులు కడుక్కుంటుంటే పోయి చెప్పాను. "నాయనా, తెల్లారి నన్ను దాటు."

ఆయన ముఖం గట్టిపడింది. "నువ్వు కూడానా? చదువుకున్నదానివి."

"నేను ఎదిగేదానికి కాదు. నేనింక ఎదగను, నీకూ తెలుసు, నాకూ తెలుసు. అవ్వ పోతాండాది నాయనా."

అవ్వ చెప్పింది కూడా చెప్పాను. నాయన చేతుల మీద నీళ్లు ఆరిపోయేదాకా నిలబడ్డాడు.

తెల్లవారుజామున అమ్మ, నేను అవ్వ మంచాన్ని వాకిలి కనబడేట్టు తిప్పాం. బొంత పరిచి గడపకి లోపలి పక్కన అడ్డంగా పడుకున్నాను. తల ద్వారబంధానికి ఆనించాను. కాళ్లు పట్టలేదు. రెండో పక్క ద్వారబంధం అడ్డమొచ్చింది. మోకాళ్లు ముడుచుకున్నాను. కళ్లు మూసుకున్నాను.

బయట నాయన అడుగులు వినబడ్డాయి. గడప దగ్గర ఆగాయి. అదే కొబ్బరినూనె వాసన. ఎంతసేపు నిలబడ్డాడో. ఆ తర్వాత నా మీదుగా గాలి కదిలింది, ఈసారి బయటినుంచి లోపలికి. ఒక పాదం నా వెనక నేల మీద పడింది. రెండోది కూడా పడింది.

"ఏమే పాపా," అవ్వ గొంతు వినబడింది, "కాళ్లు ముడుచుకోని పండుకున్నావే?"

"పట్టలేదవ్వా."

"అప్పుడు పట్టినావు కదా." అవ్వ ఇంకొకసారి, మెల్లగా అంది, "అప్పుడు పట్టినావు."

నేను కళ్లు తెరవలేదు. నాయన నా పక్కన కూర్చుని నా భుజం మీద చెయ్యి వేశాడు.

"లెయ్యమ్మా," అన్నాడు. "నేనొచ్చినా."